దీపం చుట్టూ సింగిడి

కంటి దవాఖానలో కొత్తగా పనికి చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏం నేర్చుకోవాలని అడుగుతారు. యంత్రాల సంగతి నన్ను అడగొద్దు, ఇప్పటి యంత్రాలు నేను వాడలేదు. నాకు తెలిసిన పనులు మూడే. ఎర్రబడ్డ కన్ను చూసి అది ఏ ఎరుపో చెప్పడం, సరైన మందు చుక్క సరైన కంట్లో వేయడం, రోగి చెప్పేది నడుమ ఆపకుండా వినడం. ఈ మూడింటిలో రెండో పని నేను ఒకసారి తప్పు చేశాను. ఒక మనిషికి ఒక కన్ను పోయింది. ఆమెకు మిగిలిన రెండో కన్ను కోసం పదేళ్లు వెంటపడ్డాను. ఇక్కడ రాసేది ముఖ్యంగా ఆ రెండో కన్ను కథే.

ముప్పై దాటినాక అక్షరాలు దిద్దినవాణ్ణి. వాక్యం వంకర పోతే మీరే సరిచేసుకోండి. దవాఖానల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయను. ప్రమోషన్ల గురించీ రాయను. నాకు వచ్చినవి తక్కువ, వాటితో ఎవరి చూపూ పెరగలేదు.

దారాలు కట్టిన సీసాలు

మాది జఫర్‌గఢ్ దగ్గర ఒక పల్లె. చిన్నప్పటి నుంచి పశువులు కాసి, ఆ తర్వాత జనగామలో ఒక దవాఖానలో ఊడ్చే పనికి కుదిరాను. ఊడ్చేవాణ్ణి కాస్తా కట్లు కట్టేవాణ్ణయ్యాను. అక్కడి నుంచి కంటి వార్డులో చుక్కలు వేసేవాణ్ణయ్యాను. చదువు వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు. చేతులు శుభ్రంగా ఉండేవి, వణికేవి కావు. అది చాలనుకున్నారు.

చుక్కల మందులు కాంపౌండరే కలిపి గోధుమరంగు సీసాల్లో పోసేవాడు. అన్నీ ఒకే తీరు సీసాలు. పైన ఇంగ్లీషులో రాసిన చీటీ అంటించేవాడు. ఆ చీటీ నాకు ఎందుకూ పనికిరాదు. అందుకని సీసా మెడకు దారం కట్టుకున్నాను. అట్రోపిన్‌కు ఎర్ర దారం, పైలోకార్పిన్‌కు తెల్ల దారం, జింకు చుక్కలకు నల్ల దారం. అట్రోపిన్ కంటిపాపను విప్పుతుంది, పైలోకార్పిన్ ముడుస్తుంది. నీటికాసులు అని ఒక జబ్బు ఉంది. కంటి లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, గుడ్డు రాయిలాగా గట్టిపడుతుంది. ఆ కంటికి పైలోకార్పిన్ మందు. అట్రోపిన్ వేస్తే విషమే. ఇదంతా నాకు దారాల లెక్కన తెలుసు.

అరవై తొమ్మిది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. బళ్లు మూతబడ్డాయి, రైళ్లు ఆగిపోయాయి, మా కాంపౌండర్ సమ్మెలో ఉన్నాడు. మా డాక్టరు గారిది కృష్ణా జిల్లా. అటునుంచి వచ్చిన నౌకరీవాళ్లు చాలామంది పెట్టెలు సర్దుకొని వెళ్లిపోయారు. ఈయన భార్యాబిడ్డలను పంపించి తాను ఉండిపోయాడు. అంత మాత్రాన ఆయన్ను దేవుణ్ణి చేయను. నోరు మంచిది కాదు. మా మాటలను మా ముందే వెక్కిరించేవాడు. "గిట్లేంది, గట్లేంది! నోట్లో గులకరాళ్లు పెట్టుకుని మాట్లాడతారేంటయ్యా మీరంతా?" అనేవాడు. చెయ్యి మాత్రం బంగారం.

కాంపౌండర్ లేడు గనుక ఒకరోజు పొద్దున ఆయనే మందులు కలిపాడు. సీసాలకున్న దారాలు చూశాడు.

"ఈ మురికి దారాలేంటయ్యా? పైన చీటీ ఉందిగా!" అని కత్తెర తీసుకొని మూడూ కత్తిరించి బుట్టలో పడేశాడు.

అప్పుడు నేను ఒక్క మాట అనాల్సింది. "సార్, నాకు సదువు రాదు" అంటే సరిపోయేది. అనలేదు. మాటనే అంత వెక్కిరించేవాడు, చదువు రాదంటే ఏమంటాడోనని సిగ్గు. సీసాలు బల్ల మీద పెట్టిన వరస గుర్తుపెట్టుకుంటే చాలనుకున్నాను. ఎడమ పక్కది పైలోకార్పిన్, నడిమిది జింకు, కుడి పక్కది అట్రోపిన్.

వార్డులో అంతకు ముందురోజు చేరిన ఒక పటేలమ్మ, ఊరి పెద్దింటి ఆడమనిషి, ఉంది. పేరు అనసూర్యమ్మ. కొడకండ్ల దగ్గర ఊరు. నలభై దాటిన మనిషి. ఎడమ కన్ను ఎర్రబడి, ఆ పక్క తల సగం పగిలిపోతోందని బండిలో తీసుకొచ్చారు. నీటికాసులు. పైలోకార్పిన్ గంటకోసారి వేయాలి, నొప్పి దిగగానే ఆపరేషన్ అని డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున మందులు కలిపిన కాసేపటికే లాఠీ దెబ్బలు తిన్నవాళ్లను ఊరేగింపులోంచి మోసుకొచ్చారు. ఆయన పగలంతా అవతలి గదిలో తలలకు కుట్లు వేస్తూనే ఉన్నాడు. నడుమ ఎవరి కంటికో మందు కావాల్సి వచ్చి సీసా తీసుకుపోయి, తిరిగి తెచ్చి బల్ల మీద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టాడు. వరస మారింది. నాకు తెలియదు.

నాలుగు సార్లు వేశాను, గంట తప్పకుండా.

"మందేసినకొద్ది నొప్పి ఎక్కువైతున్నది రా మల్లిగా," అంది ఆమె.

"పని జేస్తున్నది పటేలమ్మా, జర ఓర్సుకో," అన్నాను.

పిల్లలూ, నేను రాసినదంతా మరిచిపోయినా ఇది మరవకండి. మందు వేశాక నొప్పి పెరిగిందని రోగి అంటే చెయ్యి ఆపండి. రోగికి ఓపిక లేదని అనుకోవద్దు. ముందు సీసా చూడండి.

సాయంత్రం డాక్టరు వచ్చి టార్చి వేసి చూశాడు. కంటిపాప కన్నంత విప్పుకొని ఉంది. "ఏ సీసా వేశావ్?" అన్నాడు. తెచ్చి చూపించాను. చీటీ చదివాడు. తిట్టలేదు. గోడకు ఆనుకొని నిలబడ్డాడు. వరంగల్ పెద్ద దవాఖానకు పంపాలంటే రైలు లేదు, రోడ్డు మీద చెట్లు కొట్టి అడ్డం వేశారు. ఉన్న మందులన్నీ ఇచ్చాడు. మూడోనాటికి ఆ కంటికి వెలుగు కూడా తెలియడం లేదు. ఆ కన్ను ఎట్లాగైనా పోయేదేమో అని ఆయన తర్వాత నాతో అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్న మాట. నేను తీసుకోలేదు.

గేటు దగ్గర

ఆ రోజుల్లో ఒక్క మాట బయటికి పొక్కితే చాలు. ఆంధ్ర డాక్టరు మన ఆడమనిషి కన్ను పోగొట్టిండని జనగామ అంతా పాకింది. ఆమె మరుదులు, ఊరివాళ్లు కట్టెలు పట్టుకొని గేటు దగ్గరికి వచ్చారు. డాక్టరు దాక్కోలేదు. బయటికి వచ్చి, "నా ఆసుపత్రిలో జరిగింది. బాధ్యత నాదే," అన్నాడు. ఆయన యాస వినేసరికి వాళ్లకు ఇంకింత మండింది. ఒకడు కాలర్ పట్టుకున్నాడు.

అప్పుడు నా నోరు లేచింది. అంతకు వారం ముందు లేవాల్సిన నోరు.

"సార్‌ను ఇడువుండ్రి! సుక్కలేసింది నేను. నాకు అచ్చరం ముక్క రాదు. సీసా గుర్తువట్టలే. ఏసింది నేనే!"

రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది పడేలోపు కంటికి కట్టుతో అనసూర్యమ్మ వరండాలోకి వచ్చింది.

"ఆన్ని కొడితె నా కన్నస్తదా? ఇడువుండ్రి!" అని మరుదుల మీద అరిచింది. తర్వాత నావైపు తిరిగింది. "గింత పెద్ద దవాఖాన్ల సీసా సదివెటోడు ఒక్కడు దొర్కలేదారా మీకు?"

ఆమె బండెక్కే ముందు డాక్టరు దగ్గరికి పోయి నిదానంగా చెప్పాడు. కుడి కన్ను కట్టుబడి కూడా అదే తీరు, నీరు పోయే దారి సన్నగా ఉంది, ఇవాళ కాకపోతే రేపు దానికీ ఇదే వస్తుంది, ఇప్పుడే లోపల చిన్న రంధ్రం చేస్తే జన్మంతా భయం ఉండదు అని. నేను ఆయన మాటను మా మాటలోకి మార్చి మళ్లీ చెప్పాను.

"ఒకటి తిన్నరు. రెండోది గూడ కావాల్నా?" అంది. బండి కదిలింది.

కుడి కన్ను ఉంటే ఆమె పటేలమ్మ. అది పోతే గోడ పట్టుకొని నడిచే మనిషి. అది పోకుండా చూడడం నా పని అని ఆ గేటు దగ్గరే అనుకున్నాను. ఎవరూ అప్పగించలేదు.

ఇరవై అడుగుల దూరం నుంచి చదువు

ఆ వారమే డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. నౌకరీ పోయిందనుకొని చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"ముందే చెప్పి ఉంటే దారాలు నేనే కట్టేవాణ్ణి కదయ్యా," అన్నాడు.

గేటు దగ్గర పడ్డ దెబ్బలకంటే అది ఎక్కువ తగిలింది. సీసాలు బల్ల మీద పెట్టి చీటీల్లో మొదటి అక్షరం చూపించాడు. అందుకే నేను మొదట నేర్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు 'పి', 'ఏ'. తెలుగు అక్షరాలు గోడ మీది చూపు పరీక్ష అట్ట మీద నేర్చుకున్నాను. అందరూ పలక ఒళ్లో పెట్టుకొని దిద్దుతారు, నేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి చదివాను. పై వరసలో పెద్ద అక్షరాలు మొదటి నెలలో వచ్చాయి. కింది వరసకు దిగేసరికి ఏడాది పట్టింది. అక్షరం తప్పితే, "కళ్లు బాగున్నాయి, బుర్రకే అద్దాలు కావాలి," అనేవాడు. "గట్లనే సార్, మీ చెవులకు గూడ రాయుండ్రి, మా మాట ఇనవడదు మీకు," అనేవాణ్ణి. అట్లా నడిచింది మా చదువు.

ఆయన నాకు అక్షరాలు ఇచ్చాడు, నేను ఆయనకు ఒక మాట ఇచ్చాను. నీటికాసులు మొదలయ్యేటప్పుడు దీపం చుట్టూ రంగుల వలయం కనబడుతుంది. ఆయన ప్రతి రోగినీ, "దీపం చుట్టూ ఇంద్రధనుస్సు కనిపిస్తోందా?" అని అడిగేవాడు. అందరూ లేదనేవాళ్లు. ఒక ముసలవ్వను అట్లాగే అడిగి పంపించబోతుంటే నేను అడ్డం పడి, "అవ్వా, దీపం సుట్టు సింగిడి లెక్క అవుపడుతదా?" అన్నాను.

"అవుపడకేంది బిడ్డా! నాల్గు నెలల సంది. మా ఇంట్ల దీపమే మంచిగ లేదనుకున్న."

డాక్టరు ఆమెను మళ్లీ కూర్చోబెట్టాడు. ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆనాటి నుంచి ఆయన కూడా సింగిడి అనే అడిగేవాడు, ఎంత వంకరగా పలికినా సరే. ఆయన బదిలీ అయిపోయే రోజు నాకు తన టార్చి ఇచ్చి వెళ్లాడు.

మానుకోటలో పచ్చ మందు

తర్వాత నన్ను మహబూబాబాద్ వైపు వేశారు. మేము మానుకోట అనేవాళ్లం. అక్కడి డాక్టరు గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. సోమరి. ఎర్ర కన్ను ఏదైనా ఒకే గొట్టం లేపనం రాసేవాడు, వాపు తగ్గించేది. కండ్లకలకకు అది పెద్దగా చెరుపు చేయదు. కానీ కోతల కాలంలో వరి ఈనె గుచ్చుకున్న కంటికి అదే లేపనం పెడితే ఎరుపు తగ్గినట్టు కనబడుతుంది, లోపల పుండు మాత్రం బూజు పట్టి నల్లగుడ్డును తినేస్తుంది.

కోత కూలికి పోయే ఒక ఆమె అట్లా మూడోసారి లేపనానికి వచ్చింది. నేను పచ్చ మందు చుక్క వేసి చూశాను. పుండు ఉంటే ఆ చోటు పచ్చగా మెరుస్తుంది. మెరిసింది. తీసుకుపోయి డాక్టరుకు చూపించాను.

"ఎవరు వేయమన్నారు నిన్ను?"

"ఎవరనలేదు సార్. చూడుండ్రి."

కోపం వచ్చింది ఆయనకు, కానీ చూశాడు. లేపనం మాన్పించి, వేరే మందు రాసి వరంగల్ పంపాడు. ఆ కూలి ఆమె మచ్చతోనైనా చూపుతో తిరిగి వచ్చింది. ఆ సీజను మొత్తం వరి ఈనె కళ్లన్నీ నా బల్ల దగ్గర ఆగాకే డాక్టరు దగ్గరికి పోయేవి. పైవాడు ఎంత సోమరి అయినా, కన్ను కళ్లముందు పెట్టి చూపిస్తే కాదనలేడు. వాదించొద్దు, చూపించండి.

గడప బయట పాఠం

ఇంకొన్నాళ్లకు ఊరూరూ తిరిగే కంటి బండిలో పని వచ్చింది. శుక్లం ఆపరేషన్ల క్యాంపులకు ముందు పల్లెల్లో తిరిగి కళ్లు చూసి రావడం. పిల్లలకు రేచీకటి చూసి నూనె మందు పోయడం, తోటకూర, మునగాకు పెట్టమని తల్లుల వెంట పడడం. కొడకండ్ల వైపు పోయినప్పుడల్లా అనసూర్యమ్మ గడప ముందు నిలబడేవాణ్ణి. లోపలికి రమ్మనేది కాదు. నేనూ పోయేవాణ్ణి కాదు.

"మల్ల అచ్చినవారా? నా కన్ను మీద నీకేంది గంత పావురం?" అనేది. పావురం అంటే మా దగ్గర ప్రేమ.

"ఆపరేషన్‌కు రా పటేలమ్మా. చిన్నదే. అద్దగంట."

"కుక్కనిడుస్త సూడు."

"ఇడువు. ఇడిసే లోపల మూడు ముచ్చట్లిను. దీపం సుట్టు సింగిడి అవుపడ్డా, సగం తల పలిగినట్టున్నా, దాంతోని కక్కులైనా, గది కడుపుల జబ్బు గాదు, కంటి జబ్బే. పసరు పొయ్యొద్దు, చనుబాలు పిండొద్దు. ఆ దినమే దవాఖానకు రావాలె. తెల్లారి అంటె కుదరది."

"అయిపోయిందా? ఇగ నడువు."

ఏడాదికి రెండు మూడు సార్లు ఇదే మాట, ఇదే జవాబు. కొన్నిసార్లు నేను మొదలుపెట్టకముందే లోపలి నుంచి, "సింగిడి, సగం తల, కక్కులు. ఎర్కనే. నడువు!" అని వినబడేది. కొత్తగా వచ్చిన కోడలు సరోజన కిటికీలోంచి నవ్వేది. నాకు మాత్రం ఓడిపోయినట్టే ఉండేది. ఒక్కసారన్నా టార్చి వేసి ఆ కుడి కన్ను చూడనివ్వలేదు.

కాళేశ్వరం కలరా షెడ్డు

గోదావరి పుష్కరాలు వచ్చాయి. కాళేశ్వరంలో జనం నేల ఈనినట్టు దిగారు. చుట్టుపక్కల జిల్లాల దవాఖాన సిబ్బందిని అక్కడ డ్యూటీకి వేశారు. నన్ను ఘాటు దగ్గరి మందుల గుడారంలో కూర్చోబెట్టారు. అప్పుడు అధికారులందరికీ ఒకటే భయం, కలరా. వాంతి చేసుకున్న మనిషి కనబడితే చాలు, తడకలు కట్టిన షెడ్డులోకి. లోపలికి పోయినవాళ్లు జబ్బు కాదని తేలేదాకా బయటికి రాకూడదు.

మొదటిరోజే మా గుడారం ముందు ఒక లారీ ఆగింది. దాంట్లోంచి దిగిన ఆడవాళ్లలో అనసూర్యమ్మ ఉంది. నన్ను చూసింది. మొహం తిప్పుకొని ఘాటు వైపు నడిచింది.

మరునాడు పొద్దున వాన పడుతోంది. తడిసిన కొంగుతో ఒక పిల్ల గుడారంలోకి ఉరికి వచ్చింది. కోడలు సరోజన.

"అన్నా, మా అత్తను కలరా షెడ్ల ఏసిండ్రు. నిన్న పొద్దుగూకంగ దీపం సుట్టు సింగిడి అవుపడ్డదట. తల సగం పలుగుతుందంటది, కక్కుకుంటది. ఇది కడుపు జబ్బు గాదు, కంటిదే అని ఎంత చెప్పినా ఆ డాక్టరు ఇంటలేడు. ‘ఘాటు కాడ మల్లిగాడున్నడు, ఆన్ని తోలుక రా’ అన్నది."

పదేళ్లు గడప బయట నిలబడి చెప్పిన మాటలన్నీ ఆమె విన్నది. విని, దాచిపెట్టుకొని, ఆ రోజు వచ్చినప్పుడు డాక్టరుకంటే ముందు తన జబ్బు తానే చెప్పింది.

సంచి తీసుకొని పరుగెత్తాను. సంచిలో పైలోకార్పిన్ సీసా ఎప్పుడూ ఉండేది. షెడ్డు దగ్గర కుర్ర డాక్టరు అడ్డం నిలబడ్డాడు.

"వాంతులయ్యాయి. అనుమానం కేసు. బయటికి పంపే ప్రశ్నే లేదు."

"విరేచనాలు ఎన్నయినయ్ సార్?"

"ఇంకా కాలేదు."

"కావు సార్. కన్ను చూసిండ్రా?"

"రాత్రంతా ఏడ్చింది, ఎర్రబడదా?"

తడక మీద ఆమె పడుకొని ఉంది. కుడి కన్ను రక్తంలా ఉంది. నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దంలాగా మసక. పాప విప్పుకొని కదలడం లేదు. నా వేలికి గుడ్డు వక్కలాగా తగిలింది. మానుకోట గుర్తుంది, వాదించలేదు.

"సార్, మీ కన్ను మూసి రెప్ప మీద రెండు వేళ్లతో మెల్లగ ఒత్తి చూడుండ్రి. ఇప్పుడు ఈమెది ఒత్తుండ్రి."

ఆయన తన కన్ను ఒత్తుకున్నాడు. ఆమె కన్ను మీద వేళ్లు పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు. "రాయిలా ఉంది," అన్నాడు. ఆ కుర్ర డాక్టరును నేను ఈ రోజుకూ మెచ్చుకుంటాను. అంత జనం ముందు తన మాట తప్పని ఒప్పుకోవడానికి ఆయనకు నిమిషం కూడా పట్టలేదు. "ఏం కావాలో చెప్పు," అన్నాడు.

సీసా తీశాను. అనసూర్యమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సదువు."

"పటేలమ్మా..."

"గట్టిగ సదువురా. నాకు ఇనవడాలె."

చీటీ ఎదురుగా పెట్టుకొని చదివాను. "పై-లో-కార్-పిన్. రెండు శాతం."

"ఇంకోపాలి."

మళ్లీ చదివాను.

"ఇప్పుడు ఆ సారు సదవాలె."

డాక్టరు సీసా తీసుకొని చదివాడు, బడిపిల్లవాడిలాగా. అప్పుడు ఆమె నా చెయ్యి వదిలి, తల వెనక్కి వాల్చింది. "ఏయి."

వేశాను. చుక్క సరిగ్గా పడింది.

మిగతాది చకచకా జరిగింది. వాంతి ఆగడానికి డాక్టరు సూది ఇచ్చాడు. ఆగాక ఒత్తిడి తగ్గించే గోళీలు మింగించాం. షెడ్డులో నోటిపూతకు పెట్టిన గ్లిజరిన్ ఉంది. సరోజన ఘాటు దుకాణాల్లో నిమ్మకాయలు ఏరుకొచ్చి, రసం పిండి కలిపి తాగించింది. ఒంట్లో నీరు లాగితే కంట్లో ఒత్తిడి దిగుతుంది. ఒత్తిడి దిగేదాకా పైలోకార్పిన్ కూడా పని చేయదు, ఇది గుర్తుపెట్టుకోండి. చుక్క వేసి పాప ముడుచుకోలేదని భయపడొద్దు. డాక్టరే అధికారుల జీపు ఒకటి అడిగి తెచ్చాడు. ఆమెను షెడ్డు నుంచి బయటికి పంపే కాగితం మీద సంతకం తానే పెట్టాడు.

జీపు అడవి రోడ్డు మీద ఊగుతూ పోయింది. పావుగంటకోసారి ఆపించి చుక్క వేశాను. వేసిన ప్రతిసారీ పేరు పైకి చదివాను, అడగకముందే. భూపాలపల్లి దగ్గర ఆపినప్పుడు వాన వెలిసింది. టార్చి వేశాను. మసక పలచబడింది. పాప ఆవగింజంత అయ్యింది.

"నొప్పి దిగింది రా," అంది ఆమె. "గా హోటల్ల చాయ దొర్కుతదా?"

నేను, సరోజన, డ్రైవరు ముగ్గురం రోడ్డు మీదే నవ్వాం. ఆపరేషన్ ఉందో ఏమో, చాయ వద్దన్నాను. "కన్ను కాపాడిండు గని చాయ ఇయ్యడట," అని కోడలితో అంది.

గుండీ

వరంగల్ పెద్ద దవాఖానలో మరునాడు కంటి లోపల రంధ్రం చేశారు. ఈసారి ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయమంటే ఆమె ఎదురు ప్రశ్న అడగలేదు. కట్టు విప్పే రోజు నేను మంచానికి దూరంగా, తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్ద డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. చెప్పింది. కిటికీలోంచి ఏం కనబడుతోందని అడిగాడు. ఆమె కిటికీ వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది.

"ఏమ్రా మల్లయ్యా, పెద్ద దవాఖానకు వచ్చెటప్పుడన్న అంగీకి నడిమి గుండీ కుట్టించుకోరాదా?"

చూసుకున్నాను. గుండీ లేదు. వార్డంతా నవ్వింది. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ సిగ్గుపడలేదు. డాక్టరు కార్డు మీద చూపు అంకె రాశాడు, కానీ నాకు ఆ గుండీ చాలు.

ఈ పనిలో నాకు దక్కిన పెద్ద గెలుపు ఏదని అడిగితే వేలల్లో చేయించిన శుక్లాల ఆపరేషన్లు చెప్పను. ఇది చెబుతాను. జబ్బును గుర్తుపట్టింది నేను కాదు, ఆ డాక్టరూ కాదు. అక్షరం రాని ఒక ఆడమనిషి దీపం వైపు చూసి గుర్తుపట్టింది. అందుకే మీకు చెప్పేది, గుర్తులు మీ దగ్గర దాచుకోకండి. రోగికి ఇవ్వండి. తలుపు వేసినా, తిట్టినా, బయట నిలబడి ఇవ్వండి. ఎవరు వింటున్నారో మీకు తెలియదు.

కొన్ని నెలలకు నన్ను మళ్లీ జనగామ వేశారు. ఒక బుధవారం పొద్దున బయటి బల్ల మీద అనసూర్యమ్మ కూర్చొని ఉంది, పక్కన ఇద్దరు ఆడవాళ్లు. కన్ను నొప్పా అని పరుగెత్తాను.

"నాకేం కాలే. పక్కకు జరుగు," అని ఆ ఇద్దరినీ లోపలికి తోలింది.

కొత్తగా వచ్చిన కంటి డాక్టరు ఇద్దరినీ చూశాడు. ఒకామెకు వట్టి చత్వారం, అద్దాలు చాలు. రెండో ఆమె దగ్గర ఎక్కువసేపు ఆగాడు. టార్చి పక్కనుంచి వేసి చూశాడు, ఒత్తి చూశాడు, మళ్లీ చూశాడు. తర్వాత తలెత్తాడు.

"నీటికాసులు, మొదటి దశ. రెండు కళ్లకూ. ఇంత తొందరగా ఎవరు పట్టుకున్నారమ్మా? ఏ డాక్టరు పంపాడు?"

"ఏ డాక్టరు లేడు. నేనే తీస్కచ్చిన. దీపం సుట్టు సింగిడి అవుపడుతుందని ఈమె చెప్పింది," అంది అనసూర్యమ్మ. "ఏం, తప్పు తెచ్చిన్నా?"

"లేదమ్మా. సరిగ్గా తెచ్చారు."

"అయితె ఆపరేషన్ ఎన్నడో జెల్ది రాయి సారూ. మా బస్సు పోతది."